చేతులతో చెప్పిన పరలోక జపం

2022 జూన్. ఇస్నాపూర్ దగ్గర హైవే నుంచి లోపలికి దిగే రోడ్డు చివర మా చర్చి ఉంటుంది. ఒకప్పుడు ప్రభుత్వరంగ కర్మాగారాల్లో ఉద్యోగాలకు వచ్చిన కోస్తా కుటుంబాలు కట్టుకున్న చర్చి అది. ఇప్పుడు ఆదివారం తెలుగు పూజ ముగిశాక హిందీ పూజ కూడా జరుగుతుంది. జార్ఖండ్, ఒడిశాల నుంచి వచ్చిన కార్మికులు దానికి వస్తారు. చర్చి పక్కనే మా కాన్వెంటు. అప్పుడు ముగ్గురు సిస్టర్లం ఉండేవాళ్లం. పెద్దావిడ సిస్టర్ ఆగ్నెస్ నర్సు, డిస్పెన్సరీ చూసేది. సిస్టర్ లూసీ పాటల బృందాన్నీ పూజాపీఠం పనులనూ చూసుకునేది. నాకు రెండు పనులు. ఒకటి, కార్మికుల చిన్నపిల్లల కోసం చర్చి హాల్లో నడిపే బాలవాడి. రెండోది సత్యోపదేశం, అంటే బడి ఈడు పిల్లలకు జపాలు, విశ్వాస సంగతులు నేర్పడం.

సిస్టర్లు ఏం చేస్తారని అడిగితే చాలామంది జపం చేసుకుంటారని చెబుతారు. చేసుకుంటాం. కానీ మధ్యాహ్నాల్లో మమ్మల్ని చూడాలంటే కిరాయి గదుల వరసల్లో చూడాలి. చేతిలో ఒక నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాం. ఎవరికి జ్వరం, ఎవరికి కాన్పు దగ్గరపడింది, ఎవరు ఊరు మారారు, ఏ పిల్ల బడి మానేసింది, అన్నీ అందులో రాసుకుంటాం. ఆదివారం గుడిలో కనిపించని మనిషి ఎందుకు రాలేదో పూజ జరిపే గురువుగారికి తెలిసేది ఎక్కువగా ఆ నోటుబుక్కు వల్లే.

అట్లా తిరుగుతుండగానే ఒక రోజు యాదమ్మ నన్ను ఆపింది. ఆమెది ఆ ఊరి పాత రైతు కుటుంబం. పొలం పోయింది, రేకుల గదులు పది వేసి కిరాయికి ఇచ్చుకుంది, రెండు బర్రెలను మాత్రం వదులుకోలేదు. హిందువే అయినా నేను కనిపిస్తే మజ్జిగ ఇవ్వకుండా పంపేది కాదు. ఆ రోజు మజ్జిగ ఊసే లేదు.

"సిస్టరమ్మా, జెర ఇటు రా. మీ చర్చికి వచ్చేటోళ్ల పిల్ల ఉన్నది ఆ కడ రూంల. తల్లిదండ్రి ఇద్దరు డ్యూటీకి పోయిన్రంటే తాళమేసి పోతరు. పిల్ల పిలిస్తే పలుకది. ఒక్కోసారి గోడకు తలకాయ కొట్టుకుంటది. నాకైతే పరేషాన్ అయితున్నది."

కిటికీలోంచి చూశాను. అయిదేళ్ల పిల్ల, చింపిరి జుట్టు, నేల మీద కూర్చుని ఒక ప్లాస్టిక్ మూతను గిర్రున తిప్పుతోంది. పక్కన గిన్నెలో అన్నం, నీళ్ల సీసా. "పాపా" అని పిలిచాను. తిరగలేదు. గట్టిగా పిలిచాను. తిరగలేదు. మొండిపిల్ల అనుకున్నాను. ముందే చెప్పేస్తున్నాను, నేను అనుకున్నది అదే. ఇరవై ఏళ్లు పిల్లల మధ్య పనిచేసినదాన్ని, నాకు మొదట తోచిన మాట అదే.

సాయంత్రం తల్లి వచ్చేదాకా యాదమ్మ గడపలో కూర్చున్నాను. తల్లి పేరు లూర్దు, మాత్రలు ప్యాక్ చేసే కంపెనీలో పని. భర్త శౌరి ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర చేస్తాడు. గుంటూరు వైపు వాళ్లు. పాప పేరు రోజి. లూర్దు నన్ను చూడగానే మొహం గట్టిగా పెట్టుకుంది.

"పిల్లను లోపల పెట్టి తాళం వేస్తే ఎట్లా లూర్దూ?" అన్నాను.

"ఎక్కడ వదలమంటారు సిస్టర్? బాలవాడీలో తీసుకుంటారా దీన్ని? పక్కింటోళ్లు తీసుకుంటారా?" అంది. తాళం తీస్తూ, నా వైపు చూడకుండానే, "పోయిన ఏడు ఈస్టరు పూజలో అరుస్తుందని బయటికి తీసుకుపొమ్మన్నది మీరే కదండీ. అప్పటినుంచి నేను దాన్ని గుడికి తీసుకురాలా" అంది.

నాకు ఆ సంగతి గుర్తులేదు. ప్రసంగం జరుగుతుండగా పిల్లలు గోల చేస్తే తల్లులకు సైగ చేయడం నాకు అలవాటు. ఎంతమందికి చేసి ఉంటానో. నాకు గుర్తులేని ఆ సైగ ఆమె ఏడాదికి పైగా మనసులో మోసింది. ఏదో సర్దిచెప్పబోయి ఆగిపోయాను.

"తప్పు నాదే. రేపటి సంది నా దగ్గర విడువు. నేను చూసుకుంట" అన్నాను.

"రెండు రోజులు చూసి మీరే పంపించేస్తారు."

"పంపియ్య."

పంపించెయ్యాలని అనిపించిన రోజులు లేవని చెప్పను. మొదటి వారం రోజి ఇద్దరు పిల్లలను కొరికింది. గంజి గిన్నె తన్నేసింది. తల్లులు వచ్చి నిలదీశారు. "ఆ పిల్లన్నా ఉండాలె, మా పిల్లలన్నా ఉండాలె" అని ఒకావిడ అనేసింది. అందరూ ఉంటారని, కొరకకుండా చూసే బాధ్యత నాదని చెప్పాను. ఆ రోజు నుంచి రోజిని నా పక్కనుంచి కదలనివ్వలేదు.

అట్లా పక్కన ఉంచుకోవడం వల్లే చూశాను. శనివారం మధ్యాహ్నం సిస్టర్ లూసీ వాళ్లు హాల్లో పాటల ప్రాక్టీసు పెట్టుకున్నారు. డోలక్ మొదలు కాగానే రోజి లేచి వెళ్లి, వాయించే అబ్బాయి ముందు కూర్చుని, డోలక్ చెక్కకు చెంప ఆనించింది. కళ్లు మూసుకుంది. హార్మోనియం మోగుతున్నా, పదిమంది పాడుతున్నా అటు చూడనే లేదు. పీఠం దగ్గర వాడే చిన్న గంట తెచ్చి ఆమె వెనక నిలబడి మోగించాను. కదల్లేదు. వాళ్లు కూర్చున్న చెక్క వేదిక మీద కాలితో గట్టిగా తన్నాను. వెంటనే తిరిగింది.

సిస్టర్ ఆగ్నెస్ కూడా వచ్చి అవే పరీక్షలు మళ్లీ చేసింది. "ఇది మొండితనం కాదు. ఈ పిల్లకు వినబడట్లేదు. బేరా చేయించాలి" అంది.

బేరా అంటే చిన్నపిల్లలకు చేసే వినికిడి పరీక్ష. పిల్ల నిద్రపోతుండగా తలకు సన్నని వైర్లు అతికించి చెవిలో శబ్దం పెడతారు. చెవి నరం స్పందించిందా లేదా అన్నది కంప్యూటర్ గీతల్లో కనిపిస్తుంది. పిల్ల జవాబు చెప్పనక్కరలేదు. నిద్రపోతే చాలు.

శౌరి ఒప్పుకోలేదు. "మా పిల్ల మూగది కాదు సిస్టర్. మా నాయన కూడా అయిదేళ్లకే మాట్లాడాడంట. మీరు జపం చెయ్యండి, అదే వస్తుంది మాట."

"జపం చేస్త శౌరీ. మంగళవారం బస్సు కూడా ఎక్కుదాం" అన్నాను.

పటాన్‌చెరులో బస్సు పట్టుకుని లూర్దు, నేను పిల్లను నగరంలోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. రోజి నిద్రపోలేదు. మందు ఇచ్చినా పోలేదు. తిరిగి వచ్చేశాం. రెండోసారీ అంతే. లూర్దుకు ఇంకొకసారి సెలవు దొరకడం కష్టమైంది. విషయం యాదమ్మకు తెలిసింది.

"పొద్దుగాల నాలుగింటికి లేపి నాతోని పంపున్రి. బర్రెల ఎంబడి తిప్పుత. ఇగ ఎట్ల నిద్రపోదో సూస్త" అంది.

అన్నట్టే చేసింది. తెల్లవారుజామున లేపి, గడ్డి మోయించి, బర్రెలను కడిగించి, పక్క ఊరు చిట్కుల్ దాకా నడిపించి తెచ్చింది. చీర మార్చుకుని తానూ మాతో బస్సెక్కింది. దారిలో పిల్ల రెప్ప వాలిస్తే చాలు, మెల్లగా తట్టి లేపింది. ఆసుపత్రిలో మా వంతు వచ్చాక రోజి యాదమ్మ ఒడిలో ఎంత గాఢంగా పడుకుందంటే, వైర్లు తీసేటప్పుడు కూడా మెలకువ రాలేదు.

రెండు చెవులకూ వినికిడి దాదాపు లేదు. ఎడమ చెవిలో, డోలక్ లాంటి బరువైన శబ్దాలు మాత్రం కొంచెం తెలుస్తాయి. వినికిడి తెప్పించే ఆపరేషన్ సంగతి అడిగాను. చిన్న వయసులో చేస్తేనే ఎక్కువ ఉపయోగమని, ఈ పిల్ల విషయంలో ముందు చెవికి మిషను పెట్టి చూస్తూ, ఆలస్యం చేయకుండా చేతుల భాష నేర్పమని డాక్టరమ్మ చెప్పింది. తర్వాత లూర్దును అడిగింది, "ఇన్నేళ్లు ఏం చేశారమ్మా?"

"ఏడాది కింద ఈ పిల్ల నా కళ్ల ముందే ఉంది డాక్టర్. నేను కూడా చూడలేదు" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అనాలనిపించింది. తిరుగు ప్రయాణంలో లూర్దు మొదటిసారి నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది.

అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. నగరంలోని ఒక బధిరుల పాఠశాలలో చెవులు వినబడని ఒక టీచరమ్మ శనివారాలు మాకు నేర్పడానికి ఒప్పుకుంది. లూర్దు, నేను ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నా వేళ్లు తిరిగేవి కావు. ఒక మాట అనబోయి ఇంకొకటి అనేదాన్ని. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని సరిచేసి, మళ్లీ చెయ్యమనేది. జపాలు తప్పిన పిల్లలతో నేను చేసేది అదే కదా అనుకునేదాన్ని.

రోజి మొదట నేర్చిన మాట "బర్రె". రెండు చేతులతో తలకు కొమ్ములు చూపించాలి. యాదమ్మ దొడ్లో బర్రె ముందు నిలబెట్టి చూపించాను. రోజి నా చేతులను చూసింది, బర్రెను చూసింది, మళ్లీ నా చేతులను చూసింది. తన తలకు కొమ్ములు పెట్టుకుంది. తర్వాత పరుగెత్తుకెళ్లి రెండో బర్రె ముందు నిలబడి అదే చేసింది. ఆ సాయంత్రం ఆ వరసలో ఉన్న ప్రతి గదికీ వెళ్లి కొమ్ములు చూపించి వచ్చింది. నెల తిరిగేసరికి గడ్డి, పాలు, అన్నం, అమ్మ, ఇటు రా, వద్దు అన్నీ వచ్చాయి. కొరకడం మానేసింది. నాకు ఒక పేరు కూడా పెట్టింది. రెండు చేతులూ తల మీది నుంచి భుజాల దాకా దించితే ముసుగు, అంటే నేను.

శౌరి మాత్రం దూరంగానే ఉన్నాడు. ఇంట్లో పిల్ల చేతులతో ఏదో చెబితే మొహం తిప్పుకునేవాడని లూర్దు చెప్పేది. ఒక ఆదివారం ఉండబట్టలేక అడిగాను, "బాయిలర్ దగ్గర హోరుల మీరు మాట్లాడుకునేది ఎట్లా శౌరీ?"

"ఏం మాట్లాడతాం సిస్టర్, ఆ మోతలో ఏం వినబడుద్ది? చేతులతోనే. వాల్వు తిప్పంటే ఇట్టా, ఆపంటే ఇట్టా, టీకి పోదామంటే..." అని చేతులు ఊపుతూ ఊపుతూ ఆగిపోయాడు. తన చేతులను చూసుకున్నాడు. మరుసటి శనివారం సెలవు పెట్టుకుని మా బెంచీ మీదికి మూడోవాడిగా వచ్చాడు. మా ముగ్గురిలో త్వరగా నేర్చుకున్నది అతనే.

మరుసటి ఏడు రోజి ఆ బధిరుల పాఠశాల హాస్టల్లో చేరింది. శని, ఆదివారాలు ఇంటికి వచ్చేది. 2025లో ఆమెకు ఎనిమిదేళ్లు. ఆ ఏడు నా తరగతిలో మొదటి సత్ప్రసాదానికి సిద్ధమవుతున్న పిల్లలు పదకొండు మంది. పూజలో గురువు ఆశీర్వదించే అప్పాన్ని క్రీస్తు శరీరంగా మొదటిసారి తీసుకోవడం అది. మా కుటుంబాల్లో పెద్ద పండుగ. రోజి పేరు కూడా జాబితాలో రాశాను.

మా విచారణలో, అంటే మా చర్చి కిందికి వచ్చే కుటుంబాల్లో, ఒక ఆనవాయితీ ఉంది. సత్ప్రసాదానికి ముందు పిల్లలు పెద్దల ఎదుట నిలబడి యేసు నేర్పిన పరలోక జపం, మరియమాతకు చెప్పుకునే మంగళవార్త జపం, పది ఆజ్ఞలు అప్పజెప్పాలి. ఆ పెద్దల్లో ముఖ్యుడు చిన్నప్పరెడ్డి గారు. కర్మాగారంలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మంచి మనిషి, నియమం అంటే నియమమే. జాబితా చూసి నేరుగా గురువుగారి ఆఫీసుకు వచ్చారు. నన్నూ పిలిపించారు.

"జపాలు రాని పిల్లకు సత్ప్రసాదం ఎట్టా కుదురుద్ది సిస్టర్? పాపసంకీర్తనం ఎట్టా చేసుద్ది? దయతో ఇచ్చేస్తే రేపు జపాలు నేర్చుకోని ప్రతివాడూ అడుగుతాడు."

మా గురువుగారు ఫాదర్ బెనెడిక్ట్ చిన్న వయసువారు, వచ్చి ఏడాది కాలేదు. పెద్దాయనను నొప్పించలేక, "వచ్చే సంవత్సరం చూద్దాం సిస్టర్" అన్నారు.

"వచ్చే సంవత్సరం కూడా ఆమెకు చెవులు వినబడవు ఫాదర్" అన్నాను.

నేను గొంతు పెంచలేదు కానీ కుర్చీలోంచి లేవనూ లేదు. "దయ అడుగుతలేను చిన్నప్పరెడ్డి గారూ. మిగిలినోళ్లతో పాటు నిలబెడతా. మీకు ఏం కావాల్నో అడగండి. సిద్ధంగా లేదనిపిస్తే నేనే పేరు కొట్టేస్త" అన్నాను.

ఆయన ఒప్పుకున్నారు. ఫాదరు ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో మాట చెప్పాను. పాపసంకీర్తనం అంటే చేసిన తప్పులను గురువుకు చెప్పుకోవడం; అందులో పిల్ల చెప్పేది గురువు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. నేను పక్కన నిలబడి అర్థం చెప్పడం సరికాదు. కాబట్టి ఆ భాష ఆయనే నేర్చుకోవాలి.

"ఎన్ని రోజుల్లో?"

"ఆరు వారాలున్నయి ఫాదర్."

ఆయన నవ్వేశారు. కానీ నేర్చుకున్నారు. రోజూ సాయంత్రం పూజ అయ్యాక అరగంట నా ముందు కూర్చునేవారు. శని, ఆదివారాల్లో రోజియే ఆయనకు టీచరు. ఆయన తప్పు చేస్తే ఆ చేతిని పట్టుకుని, మా టీచరమ్మ నాకు చేసినట్టే సరిచేసేది.

అప్పజెప్పే రోజు వచ్చింది. మిగిలిన పది మందీ గడగడా చెప్పేశారు. రోజి ముందుకు వచ్చి పరలోక జపం చేతులతో చెప్పింది. చిన్నప్పరెడ్డి గారు చివరిదాకా చూశారు. తర్వాత అన్నారు, "సిస్టర్, ఇది మీరు నేర్పిన ఆట కూడా అయ్యుండచ్చు. ఇంట్లో తినే రొట్టెకీ దీనికీ తేడా ఏంటో అడగండి."

మిగిలిన పిల్లల్లో ఎవరినీ ఆయన ఆ ప్రశ్న అడగలేదు. నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది. ఆ ప్రశ్నకు జవాబు నేను నేర్పలేదు. అడిగాను. రోజి కాసేపు ఆలోచించి చేతులు ఎత్తింది. నేను ఒక్కొక్క మాటా చెప్పుకుంటూ పోయాను.

"ఇంట్లో రొట్టె అమ్మ చేస్తుంది. నాకు పెడుతుంది. తన రొట్టె కూడా నాకే పెడుతుంది. యేసు రొట్టె పెట్టడు. యేసే రొట్టె అవుతాడు."

హాల్లో లూర్దు ఏడ్చేసింది. రోజి అంతటితో ఆగలేదు. ఇంతసేపూ తనను ప్రశ్నలు అడిగిన పెద్దాయనను తానూ ఒకటి అడగాలనుకుంది. ఆయన వైపు తిరిగి చేతులు కదిపింది.

"ఏమంటోంది?" అన్నారు చిన్నప్పరెడ్డి గారు.

"యేసుకు చేతుల భాష వచ్చా అని అడుగుతోంది. మిమ్మల్నే."

ఆయన కళ్లద్దాలు తీశారు. తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకోలేదు. "వచ్చని చెప్పండి సిస్టర్" అన్నారు.

"మీరే చెప్పండి. తల ఊపితే అర్థమైతది."

ఆయన కుర్చీలోంచి లేచి, పిల్ల ఎత్తుకు వంగి, రెండుసార్లు తల ఊపారు.

సత్ప్రసాదం ఆదివారం పదకొండు మంది పిల్లలూ పరలోక జపాన్ని చేతులతో చెప్పారు. చూడటానికి బాగుంటుందని పెట్టింది కాదు. ఒక్కతే నిలబడి చేతులు కదిపితే అందరూ ఆమెను చూస్తారు, పదకొండు మంది చేస్తే దేవుడి వైపు చూస్తారని పిల్లలకు చెప్పి నేర్పించాను. శౌరి మొదటి వరసలో నిలబడి చేతులతోనే చెప్పాడు. ఫాదర్ అప్పాన్ని చూపి "క్రీస్తు శరీరము" అన్న మాటను చేతితో అన్నారు. రోజి ఆమెన్ అని చేత్తో అంది, తీసుకుంది. వెనక బెంచీలో యాదమ్మ కొంగు తల మీద కప్పుకుని కూర్చుంది. బయటికి వచ్చాక పిల్లను దగ్గరికి లాక్కుని, "ఇయ్యాల మస్తు సక్కగున్నవ్ బిడ్డా" అని చేతులతోనే అంది. ఆమె చేతుల భాషలో సగం సొంతంగా కల్పించుకున్నదే. రోజికి మాత్రం అందులో ఒక్కటీ అర్థం కాకుండా పోలేదు.

అన్నీ తీరిపోయాయని కాదు. చెవి మిషనుతో ఆమెకు డోలక్, బస్సు హారను తప్ప పెద్దగా వినబడవు. నోటి మాట రాలేదు, రాకపోవచ్చు. లెక్కల్లో వెనకబడింది. పక్కన కూర్చోవడానికి వెనకాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆ ఏడు జూన్‌లోనే నాకు బదిలీ అయింది. మా సిస్టర్ల సభలో ఆ ఉత్తరం వస్తే సంచి సర్దుకోవడమే. అయితే వచ్చే ముందు ఒక పని స్థిరం చేసి వచ్చాను. ఇప్పుడు ప్రతి ఆదివారం లూర్దు పీఠానికి ఒక పక్కన నిలబడి పూజను చేతులతో చెబుతుంది. హిందీ పూజకు ముందుగానే వచ్చిన ఒడిశా కార్మికుడొకడు ఆమెను చూసి ముందు బెంచీకి వచ్చాడట. ఏళ్లుగా వెనక స్తంభం దగ్గర నిలబడి వెళ్లిపోయేవాడు. అతనికీ వినబడదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఫోనులో ఆ సంగతి చెబుతూ లూర్దు, "ఇంకా ఎంతమంది ఉన్నారో వెతుకుతున్నా సిస్టర్" అంది. నోటుబుక్కు ఒకటి కొనుక్కుందట.

ఇరవై ఏళ్లకు పైగా నేను పిల్లల చేత జపాలు అప్పజెప్పించుకున్నాను. ఎవరు తప్పు లేకుండా చెబితే వాళ్లకు వచ్చినట్టు, ఎవరు ఆగిపోతే వాళ్లకు రానట్టు. గడగడా చెప్పిన ఆ పది మందిని నేను ఎప్పుడూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదని రోజి జవాబు విన్న రోజు తెలిసింది. ఇప్పుడు కొత్త విచారణలో సత్యోపదేశం తరగతి మొదలుపెట్టినప్పుడు పిల్లలను ఏమీ అప్పజెప్పమనను. నీకేం అర్థమైందో చెప్పు అంటాను. నోటితో చెప్పినా సరే, బొమ్మ వేసి చూపించినా సరే. కొందరు వెంటనే చెప్పరు. చెప్పేదాకా ఎదురుగా కూర్చుంటాను.